ఆట అయిపోయాక బ్యాటరీ సంగతి

సంక్రాంతి సెలవులు అయిపోయిన మర్నాడు మా మేనల్లుడు రిమోట్‌తో నడిచే తన ఆర్‌సీ ట్రక్కు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మామయ్యా, చార్జ్ ఎక్కట్లేదు. చార్జర్ ఏదో ఎర్రర్ చూపిస్తోంది" అన్నాడు. బాడీ క్లిప్పులు తీసి చూశాను. బ్యాటరీ ప్యాక్ ఇంకా ఈఎస్సీకి, అంటే మోటారుకి కరెంటు పంచే పెట్టెకి, తగిలించే ఉంది.

స్విచ్ మాత్రం ఆఫ్‌లోనే ఉంది. ఊరెళ్లే ముందు ఆపానని ఒట్టేసి చెప్పాడు, నేనూ నమ్మాను. కానీ ఈ ఈఎస్సీల్లో చాలావాటికి ఆ చిన్న స్విచ్ బ్యాటరీని పూర్తిగా విడదీయదు. కొన్ని మిల్లీ ఆంపులు లోపలికి కారుతూనే ఉంటాయి. నాలుగే అనుకోండి, రోజుకి దాదాపు 100 ఎంఏహెచ్. వాళ్లు ఊళ్లో ఉన్నది పదకొండు రోజులు. పైగా ఆఖరిసారి ఆడినప్పుడు బండి ఆగిపోయేదాకా లాగేశాడు, కాబట్టి ప్యాక్‌లో మిగిలిందే కొంచెం.

ఒక్కో సెల్ దగ్గరికీ విడిగా వెళ్లే సన్న వైర్ల గుత్తి, అదే బ్యాలెన్స్ లీడు, దాని చివర ఉండే తెల్ల ప్లగ్‌లో మల్టీమీటర్ మొనలు పెట్టి కొలిచాను. మొదటి సెల్ 1.6 వోల్టులు. రెండోది 1.1. 3.0 కిందికి ఎప్పుడూ పోకూడనివి ఇవి. ప్యాక్‌ని బల్ల మీద పెడితే చదునుగా నిలవకుండా అటూ ఇటూ ఊగింది. హార్డ్‌కేస్ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బా అడుగు మధ్యలో ఉబ్బింది. కొని మూడు నెలలు కాలేదు.

వాడి దగ్గర ఒక ఉపాయం సిద్ధంగా ఉంది. చార్జర్‌ని నికెల్ బ్యాటరీల మోడ్‌లో పెట్టి కాసేపు కరెంటు ఎక్కిస్తే చచ్చిన లైపో, అంటే ఈ బళ్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ, లేచి కూర్చుంటుందని ఎవరో చెప్పారట. లేచి కూర్చునే మాట నిజమే, నేనూ చూశాను. కానీ సెల్ వోల్టేజీ అంత కిందికి పడిపోయి రోజుల తరబడి ఉంటే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. పొరల మధ్య దారి చేసుకుందంటే సెల్ లోపలే షార్ట్ అవుతుంది. అది ఆ రోజే జరగాలని లేదు. నాలుగో చార్జ్‌లో జరగొచ్చు, పదోదాంట్లో జరగొచ్చు, ఇంట్లో అందరూ పడుకున్నాక జరగొచ్చు. చార్జర్ ఒప్పుకోనిది అందుకే. దాని కళ్లుగప్పి ఎక్కించడానికి నేను ఒప్పుకోలేదు. వాడికి చాలా కోపం వచ్చింది, మూడున్నర వేల ప్యాక్ మరి.

అందుకే ఇదంతా రాస్తున్నాను. ఏడేళ్లుగా నేను ఈ బళ్లతో ఆడుతున్నాను. నా చేతిలో తొమ్మిది లైపోలు పోయాయి. వాటిలో బండి పరిగెత్తుతుండగా పోయింది ఒకే ఒక్కటి, రాయికి కొట్టుకుని కేసు పగిలింది. మిగతా ఎనిమిదీ బీరువాలోనో, బండిలోనో, చార్జర్ మీదో, ఎవరూ ముట్టుకోనప్పుడు పాడయ్యాయి. కొనేటప్పుడు మాత్రం మనం పరుగు గురించే ఆలోచిస్తాం, అది ఎంత పవర్ ఇస్తుంది, ఎంత స్పీడు వస్తుంది అని. డబ్బూ శ్రద్ధా వెళ్లాల్సింది ఆ పక్కకి కాదని నా వాదన. వారంలో మనం ఆడేది అరగంట. మిగతా నూట అరవై ఏడు గంటల పైచిలుకు ఆ ప్యాక్ ఎలా ఉంటుందన్నదే దాని ఆయుష్షు, మన ఇంటి క్షేమం కూడా.

కొనడం దగ్గర మొదలుపెడతాను. ప్యాక్ మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది సీ రేటింగ్. 5000 ఎంఏహెచ్, 100సీ అని ఉందనుకోండి. 5 ఆంప్ అవర్లని 100తో హెచ్చిస్తే 500 ఆంపులు. అంత కరెంటు ఆగకుండా ఇస్తానని ఆ లేబుల్ మాటిస్తోందన్నమాట. 500 ఆంపులు లాగితే ప్యాక్ 36 సెకన్లలో ఖాళీ అవుతుంది. మంచి ప్యాక్‌లో కూడా ఒక్కో సెల్ లోపలి నిరోధం, అదే ఐఆర్, రెండు మిల్లీ ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన 500 ఆంపుల దగ్గర ఒక్కో సెల్‌లో ఒక వోల్టు అక్కడికక్కడే పోతుంది, 500 వాట్ల వేడి పుడుతుంది. రెండు సెల్స్‌కి కలిపి వెయ్యి వాట్లు. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె అంత వేడి, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా లోపల. దానికి తోడు చివర్న ఉన్న ఎక్స్‌టీ60 కనెక్టర్ పేరులోనే ఉంది, అది 60 ఆంపుల సరుకు.

సీ రేటింగ్‌ని కొలవడానికి కంపెనీలన్నీ కలిసి ఒప్పుకున్న పరీక్ష ఏదీ లేదు. అందుకే ఆ అంకె ఏడాదికేడాదికి పెరుగుతూ పోతోంది, లోపలి సెల్ అంతగా మారకపోయినా. అసలు బండిలో పదో వంతు సైజుండే మామూలు 1/10 ట్రక్కు 5000 ప్యాక్ మీద పావుగంట తిరిగిందంటే సగటున అది లాగింది 20 ఆంపులే. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కిన క్షణాల్లో వందకి పోవచ్చు. నిజాయితీగా 30సీ ఇచ్చే 5000 ప్యాక్ ఏదైనా 150 ఆంపులు ఇస్తుంది. అంతకు మించి మన బళ్లకి పని లేదు.

అయితే దేన్ని చూసి కొనాలి? నేను ముందు చూసేది బరువు. ఒకే కొలతల్లో, ఒకే ఎంఏహెచ్ రాసిన రెండు ప్యాకులుంటే, బరువైనదాంట్లోనే సరుకు ఎక్కువ ఉండే అవకాశం. బండిలో మామూలు పొడవాటి ప్యాక్, అదే స్టిక్ ప్యాక్, కూర్చునే ట్రే సుమారు 138 మిల్లీమీటర్ల పొడవు, 47 వెడల్పు, 25 ఎత్తు ఉంటుంది. ఆ డబ్బాలోనే ఒకరు 5000 అని, ఇంకొకరు అంతకంటే తేలిగ్గా ఉన్నదాని మీద 8000 అని రాస్తే, రెండోది పక్కన పెట్టేయండి. ఆ తర్వాత హార్డ్‌కేస్. డ్రోన్లకీ విమానాలకీ బరువు తగ్గాలి కాబట్టి మెత్తటి కవరు ప్యాకులు వాడతారు. నేల మీద దూకే బండికి అవి వద్దు, ఒక్క రాయి చాలు. ఇంటికి రాగానే మంచి చార్జర్ మీద ఐఆర్ కొలిచి, ఆ అంకెనీ తేదీనీ ప్యాక్ మీద మార్కర్‌తో రాసేయండి. ఆర్నెల్ల తర్వాత అది రెండింతలైతే ఆ ప్యాక్ ముసలిదైందని అర్థం. కాకపోతే రెండుసార్లూ ఒకే రకం వేడిలో కొలవాలి. వేడెక్కితే ఐఆర్ తగ్గుతుంది. అందుకే మే నెలలో ముసలి ప్యాక్ కూడా కుర్రదానిలా పరిగెత్తి మనల్ని మోసం చేస్తుంది, డిసెంబర్ పొద్దున తేలిపోతుంది.

రెండు సెల్స్ ఉండే టూఎస్ కొనాలా, మూడుండే త్రీఎస్ కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు చిన్నది. మొదటి ఏడాది టూఎస్. 3500 కేవీ మోటారు, అంటే ఒక్కో వోల్టుకి 3500 ఆర్‌పీఎం తిరిగేది, 7.4 వోల్టుల మీద దాదాపు 26 వేల ఆర్‌పీఎం తిరుగుతుంది, 11.1 మీద దాదాపు 39 వేలు. మోటారుకి ఉండే చిన్న పళ్లచక్రం, అదే పినియన్, మార్చకుండా త్రీఎస్ వేస్తే మోటారు ఉడికిపోతుంది, మామూలు బ్రష్ మోటారైతే మరీ త్వరగా పోతుంది.

రెండు ప్యాకులు కొనే డబ్బుంటే ఒక్క ప్యాకే కొని, మిగతాది చార్జర్ మీద పెట్టండి. బండితో పాటు డబ్బాలో వచ్చే చిన్న గోడ చార్జర్‌ని చార్జర్ అనడానికి నాకు మనసు రాదు. ఏ సెల్ ఎంత ఉందో అది చెప్పదు, ప్యాక్‌ని సగం చార్జ్ దగ్గర నిలిపే స్టోరేజ్ మోడ్ ఉండదు. మంచి చార్జర్ ఒక్కో సెల్‌ని విడిగా చూపిస్తుంది, 4.20 వోల్టుల దగ్గర అన్నిటినీ సమానం చేస్తుంది, ఐఆర్ చెబుతుంది. 5000 ప్యాక్‌కి 5 ఆంపులు పెట్టండి, అదే 1సీ. మోడ్ విషయంలో మాత్రం ప్రతిసారీ ఆగి చదవండి. లైఫ్, లైపో, లైపో హెచ్‌వీ అని వేర్వేరు రకాల బ్యాటరీల మోడ్‌లు తెర మీద పక్కపక్కనే ఉంటాయి. హెచ్‌వీ మోడ్ ఒక్కో సెల్‌ని 4.35 దాకా తీసుకెళ్తుంది. మామూలు లైపోకి అది ఓవర్‌చార్జ్, మంటలకి రాజమార్గం. కొత్త చార్జర్ చెప్పే 4.20ని ఒకసారి మల్టీమీటర్‌తో సరిచూసుకోండి. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, వాటి కొలత తప్పుగా ఉండొచ్చు.

ఇక అసలు విషయం, స్టోరేజ్.

లైపో సెల్ నిండితే 4.20, వాడకం ఆపాల్సింది 3.5 దరిదాపుల్లో. 3.0 కిందికి ఎప్పుడూ పోకూడదు. ఆడనప్పుడు ఉండాల్సింది 3.80 నుంచి 3.85 మధ్య, అంటే సుమారు సగం. నిండుగా ఉన్న సెల్ లోపల రసాయనాలు ఒకదాన్నొకటి తింటూ ఉంటాయి. ఎలక్ట్రోలైట్ విరిగి గ్యాసు పుడుతుంది, కవరు ఉబ్బుతుంది. వేడి పెరిగేకొద్దీ అది ఇంకా వేగంగా జరుగుతుంది. లైపో దానంతటది కోల్పోయే చార్జ్ చాలా తక్కువ. నింపి పెడితే నెలల తరబడి దాదాపు నిండుగానే ఉంటుంది. మనకది సుగుణంలా కనిపిస్తుంది గానీ, ఆ నెలలన్నీ అది లోపల పాడవుతూనే ఉంటుంది.

ఇది చలి దేశంలో ఉన్నవాడికి ఒక జాగ్రత్త. మనకి ప్రాణాధారం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇంటి లోపలే నలభై డిగ్రీలు ఉంటుంది. చాలా తయారీదారులు 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయొద్దంటారు, వాడేటప్పుడు 60 దాటనివ్వొద్దంటారు. ఎండలో ఆపిన కారు లోపల ఏమీ చేయకుండానే అరవై దగ్గరికి పోతుంది. ఆదివారం పొద్దున ఆడదామని శనివారం రాత్రి నాలుగు ప్యాకులూ నింపి, వాటిని డిక్కీలో వేసుకుని, మధ్యలో ఎవరింటికో భోజనానికి వెళ్లి, సాయంత్రానికి గ్రౌండ్ చేరేవాళ్లని నేను చూశాను. ఆ ప్యాకులు ఏడాది తిరక్కుండానే ఉబ్బితే బ్రాండుని తిడతారు.

"రోజూ స్టోరేజ్ అంటే ఎక్కడ కుదురుతుంది, ఆడాలనుకున్నప్పుడు సిద్ధంగా ఉండొద్దా" అని మా గ్రౌండ్‌లో నాతో చాలామంది వాదించారు. లెక్క చూడండి. సగం నుంచి నిండడానికి 5 ఆంపుల మీద పట్టేది నలభై నిమిషాలు, అదీ బ్యాలెన్స్‌తో కలిపి. టీ తాగి, టైర్లు బిగించుకుని, రిమోట్‌లో సెల్స్ మార్చుకునేలోపు అయిపోతుంది. అదే నింపేసిన ప్యాక్‌ని వాన వచ్చి ఆడలేకపోతే తిరిగి సగానికి దించడం చూడండి. చిన్న చార్జర్లు డిశ్చార్జ్ చేసేది 5 వాట్ల మీద. 37 వాట్ అవర్ల ప్యాక్‌లో సగం దించాలంటే మూడున్నర గంటలకి పైనే కూర్చోవాలి. అందుకే నింపడానికి తొందరపడొద్దంటాను. ఆడే రోజు, ఆడే గంట ముందు, ఆడబోయే ప్యాక్ మాత్రమే.

నికెల్ బ్యాటరీలతో పెరిగిన మా తరానికి ఇంకో పాత అలవాటు ఉంది. పూర్తిగా ఖాళీ చేసి చార్జ్ పెడితే మంచిదని అప్పట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. నికెల్ కాడ్మియంకి అది సరిపోయింది. లైపోకి అదే విషం. ఈఎస్సీలో లైపో కటాఫ్, అంటే వోల్టేజీ మరీ పడిపోకముందే బండిని ఆపే ఏర్పాటు, ఆన్‌లో ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. ట్రాక్సాస్ కంపెనీ బళ్లలో చాలావాటికి లైటు రంగే చెబుతుంది, ఆకుపచ్చ వెలిగితే కటాఫ్ ఉంది, ఎరుపైతే లేదు. నేను కటాఫ్ దాకా కూడా వెళ్లను. ఫోన్‌లో పన్నెండు నిమిషాల టైమర్ పెట్టుకుంటాను. తర్వాత చార్జ్ చేసినప్పుడు ఎంత ఎక్కిందో చార్జర్ చూపిస్తుంది. 5000 ప్యాక్‌కి 4000 లోపు ఎక్కితే టైమర్ సరిగ్గా ఉన్నట్టు, 4500 ఎక్కితే రెండు నిమిషాలు తగ్గిస్తాను. బ్యాలెన్స్ లీడుకి తగిలిస్తే వోల్టేజీ తగ్గినప్పుడు కూతపెట్టే చిన్న బజర్ కూడా మంచిదే, కానీ ఆట అయ్యాక దాన్ని పీకండి. అది కూడా ప్యాక్‌నే తాగుతుంది, కొన్ని రకాలైతే ఒక్క సెల్ నుంచే తాగి మిగతావాటితో తేడా తెచ్చిపెడతాయి.

చార్జింగ్ ఎక్కడ పెట్టాలన్నది మా ఇంట్లో పెద్ద గొడవ అయింది, మా ఆవిడదే న్యాయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడగ్గదిలో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఆ ఇంటాయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో, కింద స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ గదులు ఉన్న భవనంలో నిప్పంటుకుని ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. పొగ మెట్ల దారినే పైకెక్కింది, దిగడానికి దారి లేకపోయింది. మన ప్యాక్ వాటితో పోలిస్తే చాలా చిన్నది. కానీ అపార్ట్‌మెంట్లో మనందరికీ సాకెట్ ఖాళీగా దొరికేది గుమ్మం పక్క చెప్పుల స్టాండ్ దగ్గరో, మంచం పక్కనో. బయటికి పోయే దారిలోనూ, పడుకునే చోటా చార్జర్ ఉండకూడదు.

నేను బాల్కనీలో నాపరాయి మీద మట్టి బాన పెట్టి, అడుగున నాలుగు వేళ్ల మందం పొడి ఇసుక పోసి, ప్యాక్‌ని అందులో ఉంచి చార్జ్ చేస్తాను. చార్జర్ మాత్రం బయట, రాతి మీద. పక్కన ఇంకో బకెట్ ఇసుక. అది చూసి పక్క ఫ్లాట్ ఆవిడ మొక్కలు వేస్తున్నారా అని అడిగింది. ఇసుక మంటని కప్పి చుట్టూ పాకకుండా ఆపుతుంది. సెల్ చల్లారాలంటే మాత్రం నీళ్లు దండిగా పోయాలి, గ్లాసుడు నీళ్లు చాలవు. నీళ్లు పోసేముందు ప్లగ్ పీకి కరెంటు తీయండి. పొగ పీల్చొద్దు, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. పిల్లల్ని బయటికి పంపడమే మొదటి పని. ప్యాక్‌ని స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించేవాళ్లున్నారు. గ్యాసు పోయే దారి లేకపోతే ఆ డబ్బాయే బాంబు అవుతుంది. మూతకి చిల్లులుండాలి.

ఇంకో సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట కనెక్టర్ మారుద్దామని ప్యాక్ పాత ప్లగ్‌ని కట్టర్‌తో కత్తిరించాను. ఎర్ర వైరూ నల్ల వైరూ కలిపి ఒకే కత్తిరింపు. టప్పుమని తెల్లటి వెలుగు, కాలిన లోహం వాసన. కట్టర్ పళ్లలో బియ్యపు గింజంత మేర కరిగిపోయింది. వేలికి చిన్న పొక్కుతో బయటపడ్డాను. ఆ కట్టర్‌ని ఇప్పటికీ పనిముట్ల పెట్టెలో పైనే ఉంచాను. కొత్తగా వచ్చినవాళ్లకి దాని పళ్లు చూపించి, ఒక వైరు కత్తిరించి, టంకం పెట్టి, గొట్టం తొడిగాకే రెండో వైరు ముట్టుకోమంటాను.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో ప్యాకులు తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. విడి లిథియం బ్యాటరీ చెక్‌ఇన్ సూట్‌కేసులో వేయకూడదు, చేతి సంచిలోనే తేవాలి. ఎయిర్‌లైన్ అనుమతి అడగక్కర్లేకుండా తేవాలంటే 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 7.4 ఇంటూ 5 అంటే 37, ఇబ్బంది లేదు. కనెక్టర్ మూతికి టేప్ చుట్టమనండి.

మా మేనల్లుడి ప్యాక్ దగ్గరికి వస్తాను. ఉబ్బిన ప్యాక్‌ని చెత్తబుట్టలో వేయకూడదు, గుచ్చకూడదు. ఉప్పునీళ్లలో నానబెట్టమని చాలామంది చెబుతారు, నేనొప్పుకోను. ఉప్పు ముందు కనెక్టర్ని, వైర్లని తినేస్తుంది, లోపలి చార్జ్ లోపలే మిగిలిపోవచ్చు, అది బయటినుంచి తెలీదు. 12 వోల్టుల బండి బల్బు దీనికి మంచి సాధనం. చీకటి పడ్డాక మేడ మీద బానలో ప్యాక్ పెట్టి, వైర్లు బయటికి తీసి బల్బు తగిలించాం. మిగిలిన చార్జ్ ఎంతని, ఫిలమెంటు ముదురు ఎరుపులో కనిపించీ కనిపించనట్టు వెలిగింది. వాడు రెండు చేతులూ అడ్డం పెట్టి ఒంగి చూస్తూ కూర్చున్నాడు. నిమిషం లోపే ఆరిపోయింది. బల్బుని అలాగే రెండు రోజులు ఉంచి, మీటర్ సున్నా దగ్గర కనిపించాక వైర్లు రెండూ కలిపి మెలేసి, పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునే కేంద్రంలో ఇచ్చి వచ్చాం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. మనం చేయాల్సింది ఇంటి చెత్తలో కలపకుండా అక్కడిదాకా చేర్చడం.

వాడు కొత్త ప్యాక్ ఇంకా కొనలేదు. ముందు చార్జర్ కొనిపించమని మా చెల్లిని అడిగాడు. మా మేడ మీదున్న రెండో బాన కూడా పట్టుకెళ్లాడు. ఎదురుగా కడుతున్న బిల్డింగ్ మేస్త్రీని అడిగితే రెండు తట్టల ఇసుక ఇచ్చాడు, దాన్ని మూడు రోజులు ఎండలో ఆరబోయమని చెప్పాను.